క్యాసెట్టు రెండో వైపు

యాదగిరి ఎల్‌ఎల్‌ఎం పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూడా తప్పడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ఎంతో శ్రద్ధగా చేసుకుంటున్నాడు. పాపం, ఆ సంగతి అతనికే తెలియదు.

కాపురం పోతిరెడ్డిపల్లిలో, కొలువు పటాన్‌చెరు ఫ్యాక్టరీ ఆఫీసులో. పాఠాలు పోస్టులో వస్తాయి. ఫ్యాక్టరీ లా ఆఫీసరు చలపతిరావు డిసెంబరులో రిటైరవుతున్నాడు. ఆగస్టు పరీక్ష పాసైతే ఆ కుర్చీ యాదగిరిదే, తప్పితే బయటివాడిది అని మేనేజరు తేల్చి చెప్పేశాడు. కానీ సాయంత్రం బస్సు దిగి ఇల్లు చేరేసరికి యాదగిరిలో మిగిలేది చొక్కా ఒక్కటే. పుస్తకం తెరిస్తే మూడో వాక్యానికి దాని మీదే తల వాలిపోయేది.

అలా వాలిన తలలోనే మే నెలలో ఒక ఉపాయం పుట్టింది.

"కౌసల్యా, మీ తమ్ముడు మస్కట్ నుంచి టేప్‌రికార్డరు, వాక్‌మన్ తెచ్చిండు గద. నువ్వు పాఠాలు చదివి క్యాసెట్ల పెట్టు. నేను కంపెనీ బస్సుల వింట."

"చదువుడు నేను, పాసయ్యేది మీరా?"

"నువ్వు బి.ఏ. చదివినవు, నీ ఇంగ్లీషు మంచిగుంటది. ఇంకో మాట. ఇంటికొచ్చినంక నన్నెవ్వరు కదిలించొద్దు. బోరింగు నీళ్ళు, కిరోసిన్ లైను, పిల్లల హోంవర్కు, ఏదీ చెప్పొద్దు. విన్నదంతా దిమాగ్‌ల కుదురుకోవాలె."

అసలు ఉపాయం ఏమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. బస్సులో రెండు గంటలు నిద్ర, ఇంట్లో మిగతా నిద్ర.

మధ్యాహ్నం అత్తగారు నర్సింహమ్మ కునుకు తీసే వేళ కౌసల్య వంటింటి అరమీద టేప్‌రికార్డరు పెట్టుకుని పాఠం చదివేది. ఒక ముక్క ఇంగ్లీషు, దాని వెనకే తెలుగులో అర్థం. కుక్కరు విజిలు, అత్తగారి దగ్గు కూడా అందులో ఎక్కేవి.

యాదగిరి చెవుల్లో వైర్లు పెట్టుకుని బస్సెక్కేవాడు. సంగారెడ్డి చౌరస్తా దాటకముందే తల పక్క సీటు సత్తిబాబు భుజం మీదికి చేరేది. గోదావరి జిల్లా నుంచి మిషను పనికి వచ్చిన సత్తిబాబు మర్యాదస్తుడు.

"గురువుగారూ, మీ చదువు పూర్తయ్యేలోపు నా భుజం అరిగిపోయేట్టుందండీ" అనేవాడు, అంతే.

సాయంత్రం గుమ్మంలోనే కౌసల్య అడిగేది.

"పాఠం విన్నరా?"

"ఆఖరు దాంక విన్న."

"సమజైందా?"

"నీ గొంతుల వింటె సమజ్ కాకుంటదా!"

కౌసల్య వాక్‌మన్ తెరిచి క్యాసెట్టు చూసేది, మొగుణ్ణి చూసేది, నీళ్ళ బిందె తీసుకుని బోరింగుకు వెళ్ళేది. ఆ చూపు మెచ్చుకోలు అనుకున్నాడు యాదగిరి.

జూలైలో ఒక సాయంత్రం ఇంటికొస్తే పొయ్యి వెలగలేదు. పిల్లలు బిస్కెట్లు తింటున్నారు.

"అమ్మా, కౌసల్య ఏది?"

"కాలేజీకి వోయింది" అంది నర్సింహమ్మ.

"ఏం కాలేజీ?"

"నువ్వు మునుపు సదివిందే బిడ్డా. లాయరు సదువు."

అంతలో కౌసల్య లావుపాటి పుస్తకం చంకన పెట్టుకుని ఆటో దిగింది.

"ఏంది కౌసల్యా ఇది? నన్ను అడగకుండనే?"

"అడిగిన. మీరు ఒప్పుకున్నరు."

"ఎప్పుడు?"

ఆమె ఒక క్యాసెట్టు తిప్పి రెండో వైపు పెట్టి మీట నొక్కింది. ఆమె గొంతే పలికింది.

"సెక్షన్ నూట పదిహేను, ఎస్టాపెల్. ఒక మనిషి తన మాటతోటి ఇంకొకళ్ళను నమ్మిచ్చినంక, ఆ నమ్మకం మీద వాళ్ళు ఒక పని చేసినంక, నేనట్ల అనలేదంటె చెల్లదు." కుక్కరు విజిలు. "ఇగ ఇంటి ముచ్చట. సంగారెడ్డిల సాయంత్రం లా కాలేజీ పెట్టిండ్రు. నేను చేరుతున్న. నీళ్ళు, రాత్రి వంట మీయి. ఇష్టం లేకుంటె పది రోజుల్ల చెప్పుండ్రి. చెప్పకుంటె ఒప్పుకున్నట్టే."

"గిట్ల తొమ్మిది క్యాసెట్లల్ల చెప్పిన" అంది కౌసల్య. "రోజూ అడిగిన. ఆఖరు దాంక విన్ననన్నరు. మీ మాట నమ్మి నా సర్టిఫికెట్లు కాలేజీల ఇచ్చిన."

"నేను విన్లే!"

"అంటె నిద్రపోయిన్రా? మరి ఇన్ని దినాలు నీళ్ళు నేనెందుకు మోసిన?"

యాదగిరి లెక్క వేసుకున్నాడు. విన్నానంటే వంట మీద పడుతుంది, వినలేదంటే వంటా మీద పడుతుంది, రెండు నెలల పరువూ పోతుంది.

"ఏదో ఒకటి జెప్పు కొడకా, ఆకలైతుంది" అంది నర్సింహమ్మ.

"విన్న" అన్నాడు నేల చూస్తూ.

కౌసల్య నవ్వలేదు. "క్యాసెట్టు ఎప్పుడు సూసినా మొదటి వైపే ఆగి ఉంటుండె. మొదటి దినమే తెల్సింది. కోపం రాలే, ఏడుపొచ్చింది. పన్నెండేండ్లు నా డిగ్రీ కాయితం చీరెల కింద పడి ఉండె. ఇంత మంచి చదువు నోరారా చదువుతుంటె వినెటోళ్ళు లేరాయె. గందుకే నేనే విన్న" అంది.

యాదగిరి సిగ్గుతో ముద్దయిపోయాడు. ఆ రాత్రి అతను వండిన అన్నం కూడా అలాగే ముద్దయింది. అయినా అందరూ తిన్నారు.

మర్నాటి నుంచి బస్సులో నిద్ర పట్టలేదు. మిగతా క్యాసెట్లలో ఇంకా ఏమేమి ఒప్పుకున్నాడోనని ఒకటే భయం. ఒక్కొక్కటీ రెండు వైపులా, దగ్గులతో సహా విన్నాడు. పద్నాలుగో దాంట్లో, ఆస్తి హక్కుల పాఠం మధ్యలో, "మీకు చారు పెట్టుడు రాదు గద, చింతపండు ముందుగాల నానెయ్యుండ్రి" అని వినబడితే బస్సులోనే రాసుకున్నాడు.

"ఒంట్లో బాలేదాండీ, మెలకువగా ఉన్నారు?" అని సత్తిబాబు కంగారుపడ్డాడు.

పరీక్షలో ఎస్టాపెల్ వచ్చింది. యాదగిరి ఏడు పేజీలు రాశాడు. ఉదాహరణకు ఎక్కడా తడుముకోలేదు. నవంబరులో పాసయ్యాడు, డిసెంబరులో లా ఆఫీసరయ్యాడు. కుర్చీ మారింది గానీ బస్సూ అదే, బోరింగూ అదే.

ఇప్పుడు కౌసల్య పాఠాలు అతనే చదివి క్యాసెట్లో పెడుతున్నాడు. ఆమె కాలేజీకి నడుస్తూ వింటుంది. ఒక ఆదివారం ఒప్పందాల పాఠం చదువుతూ, రెండో వైపు చివర్లో, గొంతు బాగా తగ్గించి కలిపాడు. "వచ్చే నెల నుంచి రాత్రి వంట మళ్ళ నీదే. వారం దినాల్ల కాదనకుంటె ఒప్పుకున్నట్టే."

సోమవారం సాయంత్రం కౌసల్య చెప్పులు విడవకముందే వాక్‌మన్ అతని ముందు పెట్టింది.

"మూడో పాఠం, రెండో వైపు, ఆఖర్ల. నేను ఒప్పుకోను" అంది. "చింతపండు నానేసిన్రా?"