కుడివైపు ముద్దు

"జట్టు కన్నతల్లితో సమానం! జీతం కోసం తల్లిని మార్చేవాడు మనిషే కాడు!"

ఈ మహావాక్యం ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది గోడమీద అడుగెత్తు అక్షరాల్లో వెలుగుతూ ఉంటుంది. సెలవిచ్చినవారు క్లబ్బు అధ్యక్షులవారు. కింద ఆయన పేరు అడుగున్నర ఎత్తు!

ఆ గోడకి ఆనుకునే ఫుట్‌బాల్ వీరుడు బుల్లెట్ పదకొండేళ్లుగా బూట్లు బిగించుకుంటున్నాడు. జట్టులో గోల్స్ కొట్టే మొనగాడు అతనే. కొట్టినప్పుడల్లా చొక్కా ఎడమవైపు కుట్టిన జట్టు ముద్రని లాగి, చప్పుడొచ్చేలా ముద్దు పెడతాడు. ఆ ముద్దు కోసమే సగంమంది టిక్కెట్లు కొంటారు. ఊళ్లో సెలూన్ ఆయనైతే జీవితాంతం ఉచిత క్షవరమని కాగితం రాసిచ్చేశాడు!

ఇంతలో పొరుగూరి జట్టు మూడింతల జీతం ఇస్తానంది. అక్కడ అధ్యక్షుడి కుర్చీతో సహా అన్నీ ఖాళీయేనట, కొత్తవాళ్లని పోగేస్తున్నారట.

"జనం ఏమనుకుంటారే?" అన్నాడు బుల్లెట్ భార్యతో.

"అనుకోనివ్వండి! మీకు ముప్పైమూడు నిండాయి. మెట్లెక్కితే మోకాలు పాత తలుపులా కిర్రుమంటోంది. రేపు అది మూలపడితే ఉచిత క్షవరంతో ఇల్లు గడుస్తుందా? గుండు కొట్టించుకున్నా కడుపు నిండదు!"

నిజమే. మనసు పీకుతున్నా సంతకం పెట్టేశాడు. షరతు ఒక్కటే: ఆఖరి మ్యాచ్ అయ్యేదాకా గుట్టు బయటపడకూడదు, పడితే ఒప్పందం రద్దు.

చిక్కల్లా ముద్దుతోనే వచ్చింది. కొత్త జట్టు ముద్ర కుడివైపు ఉంటుంది. మొదటిరోజే తప్పుచోట ముద్దు పెడితే పరువేం కాను? అందుకని నెలరోజులు అద్దం ముందు సాధన. భార్య గరిటెతో పళ్లెం మోగించి "గోల్!" అనడం, ఈయన కుడివైపు చొక్కా లాగి ముద్దెట్టడం. నిద్రలో కూడా కుడివైపే!

ఆఖరి మ్యాచ్. ఆఖరి నిమిషం. బుల్లెట్ తన్నాడు. గోల్! స్టేడియం దద్దరిల్లింది. జనం వైపు పరుగెత్తి, చొక్కా లాగి, కళ్లు మూసుకుని ముద్దు పెట్టాడు.

కుడివైపు! అక్కడున్నది మరుగుదొడ్లు కడిగే మందు ప్రకటన.

జనం నోళ్లు తెరిచేశారు. కుడివైపు ముద్రున్న జట్టు ఏ ఊరిదో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ద్రోహీ! నా క్షవరాలు నాకు తిరిగిచ్చెయ్!" అని సెలూన్ ఆయన గావుకేక పెట్టాడు.

మ్యాచ్ అవగానే బట్టలు మార్చుకునే గదిలోకి అధ్యక్షులవారు విలేకరులతో సహా విరుచుకుపడ్డారు. "పాలు పోసి పామును పెంచాం!"

"తప్పైపోయింది సార్. మోకాలు బాగా..." బుల్లెట్ మోకాలు చూపించబోయాడు. ఇక్కడి ప్రేమా పోయె, అక్కడి జీతమూ పోయె!

"నీకు మోకాలుంది కానీ గుండె లేదయ్యా! నన్ను చూసి నేర్చుకో! నా కోటు మీదున్న ఈ ముద్ర సాక్షిగా చెబుతున్నా, చచ్చేదాకా నేను ఈ జట్టుని వదలను!"

అంటూ అధ్యక్షులవారు కళ్లు మూసుకుని, ఠపీమని ఛాతీమీద చెయ్యేశారు.

కుడివైపు!

కోటు మీది ముద్ర ఎడమవైపే మెరుస్తోంది. కెమెరాలు టపటపా వెలిగాయి. తన ఒప్పందం రద్దు చెయ్యాల్సిన పొరుగూరి జట్టు కొత్త అధ్యక్షుడెవరో బుల్లెట్‌కి అప్పుడర్థమైంది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

మెల్లిగా దగ్గరికెళ్లి, ఎంతో వినయంగా అడిగాడు:

"సార్, మీ ఇంట్లో అమ్మగారు కూడా పళ్లెమే మోగించారా?"