గేదె దాణా రిపోర్టు

చెవిటికల్లు బుల్లిబాబు నందిగామ వెళ్లి ఒక్క పొద్దున్నే రెండు పనులు చక్కబెట్టుకొచ్చాడు. పరగడుపున రక్తపరీక్ష చేయించుకున్నాడు. పాలు తగ్గిన గేదె కోసం, పశువుల మేత పరీక్షించే ల్యాబులో గుప్పెడు దాణా ఇచ్చాడు. ఈ రెండో సంగతి భార్య భారతీదేవికి చెప్పడం మరిచాడు.

మర్నాడు ఆయన ఫోను ఇంట్లో వదిలి పొలం వెళ్లాడు. అది మోగేసరికి భారతీదేవి గుత్తివంకాయల్లో కారం కూరుతోంది.

"ల్యాబు నుంచి జాయిస్‌నండి. బుల్లిబాబుగారి శాంపిల్ రిపోర్టొచ్చింది. పిండిపదార్థం మరీ ఎక్కువుందండి. ఇట్టాగే తింటే పొట్టుబ్బి కాళ్లు పట్టేస్తాయి."

భారతీదేవి చేతిలో వంకాయ జారింది. ఆయన పొట్టా, మోకాళ్లూ అచ్చం అట్టాగే ఉన్నాయి.

"ఏం పెట్టమంటావమ్మా?"

"గింజలు తగ్గించి గడ్డి పెంచండి."

"గోధుమగడ్డి రసమా?"

"ఏ గడ్డైనా మంచిదేనండి. మొండికేసినా లొంగకండి. ఆకలేస్తే అదే అలవాటవుద్ది."

మధ్యాహ్నం బుల్లిబాబు కంచంలో ఉడికించిన సొరకాయ ముక్కలు, పక్కన గ్లాసుడు పచ్చటి రసం కనిపించాయి.

"ఇదేంటే?"

"మీ రిపోర్టొచ్చిందండి" అంటూ ఆమె కళ్లొత్తుకుంది. దాంతో ఆయనకు చెమటలు పట్టాయి. సాయంత్రం జగ్గయ్యపేట నుంచి బావమరిది కృష్ణయ్య పళ్ల సంచితో దిగి, "ధైర్యంగా ఉండు బావా" అన్నాడు. ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది.

చేయి అలవాటు కొద్దీ ఆయనకూ వండిన అన్నం పారేయలేక, భారతీదేవి పూటపూటా గేదెకు పెట్టింది. మూడో రోజు బుల్లిబాబు పరిటాల హోటల్లో పట్టుబడ్డాడు. ఆమె ల్యాబుకు ఫోను చేసింది.

"గడ్డి వద్దని మొండికేసి, హోటలు దగ్గర పూరీలు తింటంటే పట్టుకొచ్చామమ్మా!"

"పలుపుతో కట్టేయండమ్మా."

"ఆయన్నా?"

"ఆయనెవరండీ? మేం చూసింది గేదె దాణా!"

"మూడ్రోజులు నన్ను ఎండబెట్టావు గదే!" అని, పక్కనే ఫోను మాట విన్న బుల్లిబాబు గంతేసి పీట వాల్చుకున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే కొట్టంలో గేదె మూలిగింది. మూడు రోజుల అన్నానికి దాని పొట్ట డోలులా ఉబ్బింది, నెమరు ఆగిపోయింది. భారతీదేవి పశువుల డాక్టరుకు కబురుపెట్టింది. డాక్టరు పరుగున వచ్చి మందు పట్టించి, గండం గడిచిందన్నాక గాని ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

"పది రోజులు గడ్డి తప్ప ఏం పెట్టకండి" అన్నాడాయన.

ఆ సాయంత్రమే కృష్ణయ్య నందిగామ నుంచి అసలు రక్తపరీక్ష రిపోర్టు తెచ్చాడు. షుగరు ఉందట, అన్నం తగ్గించాలట.

ఆ పది రోజులూ ఆ ఇంట్లో పథ్యం చెప్పినట్టు చేసింది గేదె ఒక్కటే.