మంగళవారం ఆఖరి పీరియడ్

బడిపిల్లలు ఆటల్లో పైకి రావాలంటే చేయవలసిన పని ఒక్కటే. వారానికి ఒక్కసారి వచ్చే ఆ డ్రిల్ పీరియడ్‌ను కూడా తీసుకుపోయి లెక్కల సారు చేతిలో పెట్టాలి!

నవ్వకండి. నవ్వితే బెంచీ ఎక్కాల్సి వస్తుంది. ఇది ఉబుసుపోక చెబుతున్న మాట కాదు, సాక్ష్యం ఉన్న మాట. ఆ సాక్ష్యం నల్లగొండ జిల్లాలో, హుజూర్‌నగర్ నుంచి బస్సెక్కితే, ఆ బస్సు దారిలో ఎక్కడా అలగకపోతే, రెండు గంటల్లో చేరగల ఒక హైస్కూల్లో ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి హెడ్మాస్టరుగారు నొచ్చుకోవచ్చు, లేదా మురిసిపోవచ్చు. రెండూ ప్రమాదమే.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఆ బళ్లో ఐలేశం అనే డ్రిల్ మాస్టరు ఉండేవాడు. హైదరాబాదులో ఏడాదిపాటు శిక్షణ తీసుకుని, ఖాకీ నిక్కరు, క్యాన్వాస్ బూట్లు, ఒక ఇత్తడి విజిల్‌తో మూడేళ్ల కిందట ఆ ఊళ్లో దిగాడు. ఆయన కోరిక చాలా చిన్నది. పిల్లలందరినీ మైదానంలోకి తీసుకుపోయి, విజిల్ ఊది, ఒక గంటసేపు ఆడించాలి. అంతే! ఉద్యోగంలో చేరి తన పని తనను చేయనిస్తే చాలనుకునే మనిషిని మీరు ఎక్కడైనా చూశారా?

చేరిన రోజే వెళ్లి బంతి అడిగాడు. బళ్లో ఒక వాలీబాల్ ఉంది. హెడ్మాస్టరు గుర్వయ్యగారి బీరువాలో ఉంది. ఆయన తలుపు తీసి, బంతిని చూపించి, మళ్లీ తాళం వేశారు.

"ఆడితే ఖరాబైతది సారూ. రేపు ఇన్‌స్పెక్టరు వచ్చి బంతేదంటే ఏం జూపియ్యాలె?"

ఎంత ముందుచూపు! మూడేళ్లయినా ఆ బంతి మీద ఒక్క గీత పడలేదు. నెట్ అడిగితే అది హెడ్మాస్టరుగారి పెరట్లో బీరపాదును మోస్తోంది. మైదానం అడిగితే అందులో ఊరివాళ్ల జొన్నలు ఆరుతున్నాయి. అవి ఎత్తగానే ఇస్తామన్నారు. ఐలేశం ఓపిక పట్టాడు. జొన్నలు పోయి పల్లికాయ వచ్చింది. పల్లికాయ పోయి మిరపకాయ వచ్చింది. డ్రిల్ మాస్టరు ఘాటుకు తుమ్మడం తప్ప ఆ మైదానంలో మరే కసరత్తూ జరగలేదు.

పోనీ, పీరియడ్ అన్నా ఉంది కదా! బళ్లో మొత్తానికి ఒకే ఒక్క డ్రిల్ పీరియడ్, తొమ్మిదో తరగతికి మంగళవారం ఆఖరిది. టైంటేబుల్లో ఎర్ర సిరాతో రాసి ఉంది. ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు గుర్వయ్యగారు దాన్ని వేలుపెట్టి చూపించేవారు.

ప్రతి సోమవారం సాయంత్రం ఐలేశం భార్య సోమమ్మ ఆ ఇత్తడి విజిల్‌ను చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేది. మంగళవారం మూడున్నరకు ఐలేశం బూట్ల లేసులు బిగించి, విజిల్ మెళ్లో వేసుకుని, తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గరికి వెళ్లేవాడు. అక్కడ లెక్కల మాస్టరు దశరథం సారు ఒక చేతిలో చాక్‌పీసు, ఇంకో చేతిలో డస్టరుతో నిలబడి ఉండేవారు.

"ఐలేశం సారూ, జర గీ ఒక్క వారం ఇయ్యుండ్రి. సమీకరణాలు ఒడుస్తలేవు. వచ్చే వారం మీకే."

"తీసుకోండ్రి సార్, దానికేముంది," అనేవాడు ఐలేశం. కాదనడం ఆయనకు చేతకాదు.

ఇంటికి వెళ్లేసరికి సోమమ్మ వాకిట్లోనే ఉండేది.

"ఊదినవా?"

"వచ్చే మంగళారం ఊదుత."

ఇలా మూడేళ్లు! ఈలోగా రష్యావాళ్లు మనిషిని ఆకాశంలోకి పంపి, భూమి చుట్టూ తిప్పి, క్షేమంగా కిందికి దించారు. దశరథం సారు సమీకరణాలు మాత్రం ఒడవలేదు.

ఆయన్ను తిట్టుకోకండి. ఆయన మంచివాడు. పరీక్షలో పిల్లలు తప్పితే పై అధికారులు పట్టుకునేది ఆయన్నే. అంతకుముందు ఉన్న లెక్కల మాస్టరును ఫలితాలు బాగాలేవని అచ్చంపేట అవతల అడవి అంచుకు బదిలీ చేశారు. దశరథం సారుకు ఇంట్లో నలుగురు పిల్లలు, అడవంటే భయం. ఆ భయంతోనే ఆయన లెక్కలు చెప్పేవారు. ఆ భయాన్నే పిల్లలకూ నేర్పారు.

ఇక నా సిద్ధాంతానికి వస్తాను. ఆ పీరియడ్‌లో సమీకరణం రానివాడు తరగతిలో ఉండడానికి వీల్లేదు. వరండాలోకి పోవాలి. పోయి ఏం చేయాలి? గోడకుర్చీ వేయాలి. వీపు గోడకు ఆనించి, కింద ఏమీ లేకుండా కూర్చున్నట్టుగా, గంట కొట్టేదాకా! దీనివల్ల తొడలు ఎంత గట్టిపడతాయో ఏ శిక్షణ సంస్థ అయినా చెప్పగలదా? రెండోసారి కూడా రానివాడికి వంద గుంజీలు. మూడోసారికీ రాకపోతే సారు బెత్తం తీసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడేవారు. ఆయన చేతికి చిక్కకుండా, ఊపిరి బిగబట్టి, పక్కనుంచి జారుకుని బయటపడాలి. ఇది కబడ్డీ కాక మరేమిటి?

బయటపడ్డవాడి వెంట సారు పడితే అది వంద గజాల పరుగు. ముందు ప్రహరీగోడ వస్తే అది హైజంప్.

ఇక బాలయ్య అనే పిల్లవాడు ఉండేవాడు. వాడికి కూడికలే రావు. వాణ్ణి తరగతిలో ఉంచడం దండుగని హెడ్మాస్టరుగారి ఇంటికి నీళ్లు మోయడానికి పంపేవారు. రోజూ ఎనిమిది కావళ్లు. తొమ్మిదో తరగతిలో ఉండగానే వాడి భుజాలు కోడెదూడ భుజాల్లా తయారయ్యాయి. ఏ పుస్తకం చదివితే ఆ భుజాలు వస్తాయి?

ఐలేశం మాత్రం ఇదంతా స్టాఫ్‌రూం కిటికీలోంచి చూస్తూ, మెళ్లో విజిల్ పట్టుకుని కుమిలిపోయేవాడు. వరండాలో ఒలింపిక్స్ జరుగుతుంటే కుమిలిపోయేవాణ్ణి ఏమనాలి?

ఆ ఏడు దసరా సెలవులకు ముందు జిల్లా కేంద్రం నుంచి ఒక కాగితం వచ్చింది. జిల్లా ఆటల పోటీల్లో ఒక్క బహుమతి కూడా తేని బళ్లలో డ్రిల్ పోస్టు అనవసరమని భావించి తీసేస్తారట. ఐలేశం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మూడేళ్లుగా ఒక్క పిల్లవాడికీ ఒక్క ఆటా నేర్పలేదు. ఎవరిని తీసుకుపోవాలి? ఒక్కసారి కూడా విజిల్ ఊదకుండానే ఊరు విడిచి పోవాలా?

వెళ్లి హెడ్మాస్టరుగారిని పదిమంది పిల్లలను ఇమ్మని అడిగాడు.

"చదివే పోరలను మాత్రం ముట్టకుండ్రి సారూ," అన్నారు గుర్వయ్యగారు. "ఎందుకూ అక్కరకు రానోళ్లుంటే తోల్కపోండ్రి."

అక్కరకు రానివాళ్లను వెతకాల్సిన పని లేదు. తొమ్మిదిమంది వరండాలో గోడకు ఆని వరసగానే ఉన్నారు, పదోవాడు బాలయ్య కావడి మోస్తూ ఎదురొచ్చాడు. మొదటివాడు కురుమయ్య. గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడు. మందలో ఎన్ని గొర్రెలున్నాయో, ఏది తప్పిపోయిందో చూడగానే చెప్పగలడు. కానీ ఎక్స్ అంటే ఎంతో చెప్పలేడు. అందుకని వాడు లెక్కలు రానివాడు.

ఐలేశం పదిమందినీ బస్సెక్కించాడు. కురుమయ్య సీటు అంచున కూర్చుని చాలాసేపు కదలలేదు.

"సరిగ్గ కూసోరా," అన్నాడు ఐలేశం.

"మొత్తం కూసోవచ్చా సార్?" అన్నాడు కురుమయ్య.

నల్లగొండ మైదానంలో సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. వంద గజాల పరుగు. పెద్ద పెద్ద బళ్ల పిల్లలు బూట్లు వేసుకుని వంగి నిలబడ్డారు. కురుమయ్య ఒట్టికాళ్లతో నిలబడి వెనక్కి చూస్తున్నాడు.

"ముంగటికి జూడురా!"

"సార్, ఎనుక ఎవ్వరు లేరు గద సార్. మరెందుకు ఉరకాలె?"

అంతలోనే రుమాలు కిందికి దించారు. అందరూ పరుగెత్తారు. కురుమయ్య మాత్రం ఉన్నచోటనే ఉన్నాడు. పోస్టు పోయింది, ఊరు పోయింది, విజిల్ పోయింది అనుకున్నాడు ఐలేశం. అప్పుడు ఆయన నోటి నుంచి ఏ శిక్షణలోనూ చెప్పని మాట ఒకటి వచ్చింది.

"అరేయ్ కురుమిగా! దశరథం సారొచ్చె!"

అంతే! మెరుపు మెరిసినట్టయింది. కురుమయ్య అందరినీ దాటాడు, చివర కట్టిన దారాన్ని దాటాడు, మైదానం చుట్టూ ఉన్న గోడను కూడా దాటాడు. బహుమతి ఇవ్వడానికి వాణ్ణి వెతుక్కుని రావడానికి అరగంట పట్టింది.

తర్వాత అడ్డేముంది? గోడ దూకే భిక్షం హైజంప్ కొట్టాడు. బాలయ్య విసిరిన ఇనపగుండు గీతలన్నీ దాటి పోయి పడింది. కబడ్డీలో ఆ పిల్లలను ముట్టుకున్నవాడే లేడు. సాయంత్రానికి జిల్లా షీల్డు ఐలేశం ఒళ్లో ఉంది. తిరుగుబస్సులో ఆయన ఎవరికీ కనబడకుండా కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. పోస్టు నిలబడింది మరి!

ఊళ్లో డప్పులతో ఊరేగింపు తీశారు. బళ్లో సభ పెట్టారు. గుర్వయ్యగారు గంటసేపు మాట్లాడి, ఈ విజయానికి కారకులెవరో చెప్పి, శాలువా తీసుకుపోయి దశరథం సారుకు కప్పారు. న్యాయమే కదా? పిల్లలను తయారుచేసింది ఎవరు?

"నాదేమున్నది? నా పని నేను జేసిన," అన్నారు దశరథం సారు. ఆయన అన్నది అక్షరాలా నిజం.

ఐలేశం కూడా మనస్ఫూర్తిగానే చప్పట్లు కొట్టాడు. అది చూసి గుర్వయ్యగారికి జాలి కలిగింది.

"మీకు గూడ ఏమన్న గావాల్నంటే అడుగుండ్రి ఐలేశం సారూ."

ఐలేశం లేచి నిలబడ్డాడు. "మంగళారం ఆఖరి పీరియడ్ సార్. ఒక్కసారి. తొమ్మిదో తరగతి అందర్నీ."

హెడ్మాస్టరు లెక్కల మాస్టరు వైపు చూశారు. లెక్కల మాస్టరు శాలువా సర్దుకున్నారు. భుజాన శాలువా ఉన్న మనిషి కాదని ఎలా అంటాడు? తల ఊపారు.

సోమవారం సాయంత్రం సోమమ్మ విజిల్‌ను రెండుసార్లు తోమింది. మంగళవారం పొద్దున మైదానంలో పల్లికాయను ఒక మూలకు నెట్టించారు. బీరువాలోంచి బంతి కూడా బయటికి వచ్చింది. మధ్యాహ్నం మూడున్నరకు నలభై రెండు మంది పిల్లలు, అందులో ముగ్గురు ఆడపిల్లలు, బిలబిలమని బయటికి రాలేదు. ఒకరి వెనుక ఒకరు, తలలు వంచుకుని, మెల్లగా వచ్చారు.

ఐలేశం వాళ్లను చూసుకున్నాడు. మూడేళ్లుగా చూడాలనుకున్న వరస అది. గుండెనిండా ఊపిరి తీసుకుని విజిల్ ఊదాడు. ఊరి అవతల దాకా వినపడింది.

కురుమయ్య, వాడి వెంట తొమ్మిది మంది, చెప్పకముందే నడిచి వెళ్లి బడిగోడకు వీపులు ఆనించి గోడకుర్చీ వేశారు. షీల్డు తెచ్చిన పిల్లలు! మిగతా మగపిల్లల్లో సగంమంది చెవులు పట్టుకుని గుంజీలు మొదలుపెట్టారు. మిగిలినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపారు. బంతి మధ్యలో పడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"అరేయ్, గది గాదురా! ఆడుకోండ్రి! ఉరుకుండ్రి!" అన్నాడు ఐలేశం. గుంజీలు ఇంకా వేగంగా సాగాయి.

యాదలక్ష్మి అని, ఆ తరగతిలో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల. లెక్కల్లో నూటికి తొంభై తొమ్మిది. పుట్టిన తర్వాత ఒక్కనాడు కూడా తరగతి బయట నిలబడి ఎరుగదు. పుస్తకాలు గుండెకు హత్తుకుని, కళ్లనిండా నీళ్లతో ఐలేశం ముందుకు వచ్చింది.

"సార్," అంది, "మేమేం తప్పు జేసినం సార్?"

పాఠకులారా, నా సిద్ధాంతానికి ఇంతకుమించిన సాక్ష్యం నేను చూపించలేను. ఆ పిల్లకు ఏం చెప్పాలో ఐలేశానికి తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. జవాబు దశరథం సారునే అడుగుదామంటే, ఆయన అప్పటికే చాక్‌పీసు పట్టుకుని వరండాలోకి వచ్చి, మిగిలిన అరగంటైనా జర తనకు ఇమ్మంటున్నారు.