రిజిస్టరు దాని స్థానంలోనే ఉండవలెను

పాఠకులకు తెలియజేయడమేమనగా, సూపరింటెండెంటు గారి ఇంట్లో కంప్యూటరు వాడకానికి సంబంధించిన కొత్త రిజిస్టరు ఈ ఉదయం ఎనిమిదిన్నర గంటలకు ప్రారంభమైంది. ప్రారంభోత్సవానికి ఇంట్లో ఉన్నవారందరూ, అంటే ఇద్దరూ, హాజరయ్యారు. ఒకరు ప్రారంభించారు. రెండోవారు చేతిలో కాఫీ గ్లాసుతో నిలబడి చూశారు.

సూపరింటెండెంటు గారు రిటైరై మూడేళ్ళయింది. ఆఫీసు ఆయన్ని వదిలేసింది కానీ ఆయన ఆఫీసును వదల్లేదు, జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నారు. ఫ్రిజ్ తలుపు మీద లోపలున్న వస్తువుల జాబితా ఉంటుంది, కింద ఆయన సంతకం ఉంటుంది. బాత్రూం తలుపుకి ‘లోపల ఉన్నారు’, ‘లోపల లేరు’ అని రెండువైపులా రాసిన అట్టముక్క వేలాడుతుంది. ఉన్నదే ఇద్దరు మనుషులు కాబట్టి, లోపల ఎవరున్నారో బయటివారికి ఎలాగూ తెలుస్తుంది. అయినా పద్ధతి పద్ధతే.

పాత రిజిస్టరు అంటే తొంభై ఆరు పేజీల నోటుపుస్తకం. కంప్యూటరు ముట్టుకున్న ప్రతిసారీ అందులో తేదీ, పేరు, ఎందుకోసం, కూర్చున్న సమయం, లేచిన సమయం రాసి సంతకం పెట్టాలి. నిన్నటితో అది నిండింది. దాని స్థానంలోకి వచ్చిన కొత్తది ఆరువందల పేజీలది. గట్టి అట్ట, నాలుగు మూలలకీ ఇత్తడి తొడుగులు, ఎత్తుకుంటే పాలుతాగే పిల్లంత బరువు. ఎవరూ పట్టుకుపోకుండా దాన్ని పురికొసతో బల్లకాలికి కట్టారు. పెన్నును రిజిస్టరుకు కట్టారు. పెన్ను మూత పారిపోకుండా దాన్ని పెన్నుకు కట్టారు.

రిజిస్టరు ఉండవలసిన చోటును బల్లమీద చాక్‌పీసుతో గీసి ఆర్నెల్లయింది. గీసినప్పుడు అది నోటుపుస్తకానికి సరిపోయింది. బల్ల చిన్నది, ఆ పక్కన గోడ. అందువల్ల కొత్త రిజిస్టరు గీతలు దాటి నాలుగు వేళ్ళ మేర కీబోర్డు మీదికి ఒరిగింది. ఇత్తడి మూల వెళ్ళి ఎడమవైపు పైన చిట్టచివరి బటన్ మీద ఆనుకుంది.

సూపరింటెండెంటు గారు రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, “ఇప్పుడు నిండుగా ఉంది!” అన్నారు.

ఆయన భార్యకు ఆ నిండుదనం పట్టలేదు. ఆవిడ ప్రాణమంతా పదకొండు గంటల మీద ఉంది. పెళ్ళికి ముందు రెండేళ్ళు చదివి ఆపేసిన డిగ్రీని ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ పట్టుకుంది ఆవిడ. కుక్కరు పక్కన పుస్తకం ఆనించి, కూరగాయలు తరుగుతూ, ఒక్కో పేపరూ గట్టెక్కుతూ వచ్చింది. ఇవాళ ఆఖరిది, పరిపాలనా శాస్త్రం. పరీక్ష ఇంట్లో కూర్చునే రాయవచ్చు, కానీ ముందుగా నమోదు చేసిన కంప్యూటరు మీదే రాయాలి. పదకొండుకు తలుపు తెరుస్తారు, పదకొండూ పదిహేనుకు మూసేస్తారు. ఆవిడకిది మూడో ప్రయత్నం. ఇది తప్పితే మొదటి పేపరు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఫారం నింపిన రోజు నుంచి సూపరింటెండెంటు గారు ఆవిడను రికార్డుల్లో ‘అభ్యర్థిని’ అని రాస్తున్నారు. మనమూ అలాగే పిలుద్దాం, మాట పడనేల?

తొమ్మిదిన్నరకు అభ్యర్థిని కొత్త రిజిస్టరు మొదటి పేజీలో సంతకం చేసి, దాన్ని యథాస్థానంలో ఉంచి, కంప్యూటరు వేసింది. తెర మీద కొండ, కొండ కింద చెరువు, పక్కన టైము వచ్చాయి. పాస్‌వర్డు కొట్టే గడి కోసం మౌసు నొక్కింది. గడి రెప్పపాటు కనబడి మాయమైంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. కొండా, చెరువూ కదలకుండా నిలబడ్డాయి.

“ఏవండీ! ఇది బిగుసుకుపోయిందండీ!”

సూపరింటెండెంటు గారు వచ్చి చూశారు. టైము మాత్రం నడుస్తూనే ఉంది. పని ఆగిపోయినా టైము నడవడం ఆయన ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో రోజూ చూసినదే కనుక కంగారుపడలేదు.

“ముట్టుకోకు. ముందు పరిస్థితిని అధ్యయనం చెయ్యాలి,” అన్నారు. అధ్యయనానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఒక కమిటీ వేశారు.

కమిటీ అధ్యక్షులు ఆయనే. సభ్యుల్లో ఒకరు అభ్యర్థిని తమ్ముడు, వెనకవీధిలో ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు. రెండోవారు పక్కింటి లెక్కల మాస్టారు. కంప్యూటరు గురించి ఏమీ తెలియనివారైతే పక్షపాతం లేకుండా చూస్తారని అధ్యక్షుల అభిప్రాయం. అభ్యర్థినికి కమిటీలో చోటు లేదు. కంప్యూటరు రోజూ వాడేది ఆవిడే కాబట్టి ఆవిడ అందులో ఉంటే బాగుండదన్నారు.

తమ్ముడు రాగానే డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాడు. “అక్కా, దీనికి ఊపిరాడటంలేదే! లోపల గ్యాసు తగ్గింది.”

“దీంట్లో గ్యాసేమిట్రా నీ మొహం?”

“నువ్వుండక్కా. పాతికేళ్ళ అనుభవం నాది.”

అతడు కిటికీ తెరిచాడు, టేబుల్ ఫ్యాను తెచ్చి డబ్బాకు ఎదురుగా పెట్టాడు, తడిగుడ్డ పిండి పైన కప్పబోతే అక్క లాక్కుంది. పదినిమిషాల గాలి తర్వాత కూడా కొండ కొండలాగే ఉంది. చేసిన చికిత్స రిజిస్టరులో నమోదు చేయమని అధ్యక్షులు ఆదేశించారు. తమ్ముడు రిజిస్టరును ఒళ్ళోకి తీసుకుని నాలుక బయటపెట్టి రాయడం మొదలెట్టాడు.

అభ్యర్థిని ఊరుకోలేక మౌసు నొక్కింది. గడి వచ్చింది. వచ్చి, పోకుండా నిలబడింది! గబగబా పాస్‌వర్డు కొట్టసాగింది. ఆ పాస్‌వర్డు సూపరింటెండెంటు గారి పదోన్నతి ఉత్తర్వు నంబరు. మధ్యలో గీతలు, చుక్కలు, తేదీ అన్నీ కలిపి ముప్ఫై నాలుగు అక్షరాలు. పన్నెండో అక్షరం దగ్గర తమ్ముడు రాయడం ముగించి రిజిస్టరును ఠపీమని యథాస్థానంలో పెట్టాడు. గడి పోయింది.

“వచ్చిందండీ! ఇప్పుడే వచ్చింది!”

“వచ్చినట్టు రికార్డులో లేదు,” అన్నారు అధ్యక్షులు.

లెక్కల మాస్టారిది వేరే దారి. కంప్యూటరును ఆపి మళ్ళీ వేయడంలో తప్పులేదట, తప్పంతా సరిసంఖ్యలో వేయడంలో ఉందట. “ఏడుసార్లు వెయ్యాలమ్మా. ప్రతిసారీ మధ్యలో ముప్ఫై ఏడు అంకెలు లెక్కపెట్టాలి. తొందరపడితే మొదటికొస్తుంది.” ఆయన కళ్ళు మూసుకుని లెక్కపెట్టారు. నాలుగోసారి వేస్తుండగా తమ్ముడు తుమ్మాడు, ఇరవై ఆరో ఇరవై ఏడో తేలక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. ఏడూ పూర్తయ్యేసరికి పదిన్నర దాటింది. కొండా, చెరువూ గణితానికి లొంగలేదు.

మాస్టారు రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, స్కేలు తెప్పించుకుని, గళ్ళు గీసి రాస్తున్నారు. అభ్యర్థిని మళ్ళీ మౌసు నొక్కింది. మళ్ళీ గడి వచ్చి నిలబడింది. ఆవిడ ఈసారి పాస్‌వర్డు కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని మాస్టారి వైపే చూస్తూ కూర్చుంది. ఆయన సంతకం చేశారు, సంతకం కింద గీత గీశారు, గీత కింద రెండు చుక్కలు పెట్టారు, రిజిస్టరును బల్లమీద ఉంచారు. ఇత్తడి మూల బటన్ మీద ఆనింది. గడి పోయింది.

“ఓరి భగవంతుడా!” అంది ఆవిడ. “ఏవండీ, ఈ రిజిస్టరేనండీ! దీని మూల ఆ ఎస్కేప్ బటన్‌ని నొక్కేస్తోంది, అందుకే గడి పోతోంది. తీసి కింద పెట్టండి చాలు.”

సూపరింటెండెంటు గారు గోడ మీది నియమావళి వైపు చెయ్యి చూపించారు. ఒకటో నియమం: రిజిస్టరు దాని స్థానంలోనే ఉండవలెను. రెండోది: రాయునప్పుడు మాత్రము ఒళ్ళో ఉంచుకొనవచ్చును. మూడోది: రాయుచున్నవారిని ఎవరూ తొందరపెట్టరాదు.

తర్వాత ఆయన గొంతు సవరించుకున్నారు.

“మిత్రులారా! బంధువులారా! ఈ క్లిష్ట సమయంలో మన ముందున్న ప్రశ్న ఒక కంప్యూటరుది కాదు, ఒక వ్యవస్థది. కంప్యూటర్లు వస్తాయి, పోతాయి. రికార్డు ఉంటుంది. ఇవాళ రిజిస్టరును అంగుళం కదిపితే, రేపు ఫ్రిజ్ మీది జాబితా కదులుతుంది. ఎల్లుండి బాత్రూం తలుపు మీది అట్టముక్క కదులుతుంది. అప్పుడు ఈ ఇల్లు ఎటుపోతుంది? అభ్యర్థిని సూచనను నేను కొట్టిపారేయడం లేదు. మహిళల సూచనలను నేను ఏనాడూ...”

ప్రసంగం పద్నాలుగు నిమిషాలు సాగింది. మాస్టారు రెండుసార్లు చప్పట్లు కొట్టారు. తమ్ముడు ఒకసారి కొట్టి, అక్క మొహం చూసి చేతులు కిందికి దించాడు. టైము పదకొండూ ఏడయింది. కుక్కరు కూతల మధ్య బట్టీపట్టిన పుస్తకాలన్నీ ఆ నాలుగు వేళ్ళ అట్ట కింద నలిగిపోతున్నాయి.

“...కావున, సూచన ఏదైనా ఉంటే లిఖితపూర్వకంగా సమర్పించగలరు,” అని ముగించారు అధ్యక్షులు.

“లిఖితపూర్వకంగానా?”

“రిజిస్టరులో.”

“సరే,” అంది ఆవిడ. రిజిస్టరును ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. కొత్త పేజీ తీసి, పెన్ను మూత తీసి, ‘విషయము:’ అని రాసింది. పెన్నును పేజీ మధ్యలో ఉంచింది. ఆ తర్వాత తాపీగా మౌసు నొక్కి, ముప్ఫై నాలుగు అక్షరాలూ ఒక్కొక్కటే కొట్టింది. కొండా చెరువూ పక్కకు తప్పుకున్నాయి.

“ఏమోయ్, రాయడం అయిందా?” అన్నారు ఆయన.

“రాస్తున్నానండీ. ఒక్కమాటే అయింది.”

“మరి ఆ చేతులు అక్కడ...”

“సూపరింటెండెంటు గారూ,” అని మాస్టారు మెల్లగా గోడ చూపించారు. “మూడో నియమం.”

ఆయన మూడో నియమం ఒకసారి చదువుకుని, రెండడుగులు వెనక్కి వేశారు. తన నియమం ముందు తాను తలవంచగలిగినవారు ఎందరుంటారు చెప్పండి! మిగతా అధికారులు ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

పదకొండూ పన్నెండుకు పరీక్ష తలుపు దగ్గర ఒక అడ్డంకి వచ్చింది. నలభై పేజీల షరతులు, చివర ఒక చిన్న గడి, దాని పక్కన ‘పై షరతులన్నీ క్షుణ్ణంగా చదివితిని, అర్థం చేసుకొంటిని, అంగీకరించితిని’ అన్న మాట. అభ్యర్థిని ఆ గడిలో టిక్కు పెట్టడానికి అరక్షణం పట్టింది. పదకొండూ పద్నాలుగుకు లోపల ఉంది.

ఆ తర్వాత మూడు గంటలపాటు ఆవిడ ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని పరీక్ష రాసింది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదపలేదు. సూపరింటెండెంటు గారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. గ్యాసుబండ తెచ్చినతన్ని మెట్ల దగ్గరే ఆపి, “ష్! లోపల రిజిస్టరు రాస్తున్నారు,” అన్నారు. తమ్ముణ్ణి చెప్పులు విప్పి నడవమన్నారు. ఒకసారి చప్పుడు కాకుండా మంచినీళ్ళ గ్లాసు కూడా తెచ్చి ఆవిడ పక్కన పెట్టి వెళ్ళారు. మంచి మనిషే, కాదన్నదెవరు? నాలుగో ప్రశ్న ‘కార్యాలయాలలో జాప్యమునకు గల కారణములను సోదాహరణముగా వివరింపుము’ అని వచ్చింది. ఆవిడ దానికి ఆగకుండా రాసింది, ఉదాహరణల కోసం ఎక్కడా తడుముకోలేదు.

రెండుంపావుకు పరీక్ష ముగిసింది. ‘మీ సమాధానములు అందినవి. ఫలితములు నెల తరువాత ఇదే కంప్యూటరులో చూసుకొనవలెను’ అని తెరమీద వచ్చింది. అభ్యర్థిని ఒక నిట్టూర్పు విడిచి, కంప్యూటరుకు తాళం వేసి, పెన్ను తీసుకుని తన సూచన పూర్తిచేసింది. విషయము: కంప్యూటరు బిగుసుకొనుట. కారణము: ఈ రిజిస్టరు. సూచన: దీనిని ఇక్కడినుండి తీసివేయవలెను. కింద సంతకం పెట్టింది.

సూపరింటెండెంటు గారు రిజిస్టరు అందుకున్నారు. కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది. పేజీ అడుగున ‘చూడడమైనది’ అని రాసి, సంతకం చేసి, తేదీ వేశారు.

“చూశావా! రిజిస్టరు ఉండబట్టే గదా పని జరిగింది!” అని ఆనందంగా దాన్ని యథాస్థానంలో ఉంచి, ఇత్తడి మూల వంకర లేకుండా సర్దారు. అభ్యర్థిని మౌసు నొక్కి చూసింది. గడి రెప్పపాటు కనబడి మాయమైంది. కొండా, చెరువూ తిరిగి విధుల్లో చేరాయి.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఒక్క ముక్క చదవకుండా సంతకం ఎలా పెట్టేస్తారండీ!” అని అరవడానికి నోరు తెరిచింది. అంతలో ఆ నలభై పేజీల షరతులు గుర్తొచ్చి, నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అని పాఠకులు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. అయితే మీ ఫోను మొట్టమొదటిసారి వేసినప్పుడు వచ్చిన షరతులను చివరిదాకా చదివి అంగీకరించినవారు మీలో ఎవరైనా ఉంటే, దయచేసి వచ్చి సూపరింటెండెంటు గారి రిజిస్టరులో సంతకం చేయగలరు. ఐదువందల తొంభై ఏడు పేజీలు ఖాళీగానే ఉన్నాయి, పెన్ను అక్కడే కట్టి ఉంది.