అత్యధిక ఇంటర్‌ల్యూకిన్ పురస్కారం

యూనిఫారాలు కుట్టే ఆ కర్మాగారంలో రోగనిరోధక వారోత్సవాలు దిగ్విజయంగా ముగిశాయి. అందరికీ రక్తపరీక్షలు జరిపించగా, కాజాలు కుట్టే ఆవిడ ఒంట్లో ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం మిగతావారికంటే ఇరవై రెట్లు ఎక్కువని తేలింది. అది శరీర రక్షణకు పనికొస్తుందని మేనేజరుగారు ఒక వ్యాసంలో సగం చదివారు. మిగతా సగానికి పని ఒత్తిడి అడ్డొచ్చింది.

"మన సంస్థ పటిష్ఠతకు ఈవిడ రక్తమే సాక్ష్యం" అని సభలో ఉపన్యసించి, ఆయన జ్ఞాపిక అందించారు. వేళ్లు వాచి బిగుసుకుపోవడంతో ఆవిడ దాన్ని మోచేతుల మధ్య ఇరికించుకుని వేదిక దిగింది. ఆ వినయానికి సభంతా మురిసిపోయింది. ఆ పొద్దున తన జాకెట్టు హుక్కులు వదిన పెట్టిందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

"ఆ జ్ఞాపికను గూట్లో పడేసి ఆస్పత్రికి నడు" అంది ఇంట్లో వదిన.

"ఇంటర్‌ల్యూకిన్లంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లమ్మా" అంది డాక్టరు. "క్రిమి దూరితే సైన్యాన్ని కేకేసి పిలుస్తాయి. పనయ్యాక కేకలు ఆగాలి. నీ ఒంట్లో దొంగ లేడు, కేకలు మాత్రం ఆగట్లేదు. వచ్చినవాళ్లు ఊరికే కూర్చుంటారా? నీ కీళ్ల మీద పడ్డారు." ఆ కేక చెవిన పడకుండా చేసే ఇంజెక్షన్ రాసింది. "ఏ కాస్త జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా వెంటనే రా. నిజం దొంగ వచ్చినా ఇక కేక సరిగా వినపడదు."

మూడు నెలలకు వేళ్లు విచ్చుకున్నాయి. ఒకరోజు హుక్కులు తనే పెట్టుకుని, నమ్మకం కుదరక, విప్పి మళ్లీ పెట్టుకుంది.

సెలవు చీటీకి జతచేసిన మందుల కాగితం చూసి మేనేజరుగారు నొచ్చుకున్నారు. "సంస్థ గర్వించదగ్గ నిరోధక శక్తిని ఉద్దేశపూర్వకంగా నీరుగార్చినందుకు సంజాయిషీ ఇవ్వవలెను" అని నోటీసు వచ్చింది.

"చేతులు పనిచెయ్యాలని వేయించుకున్నానండీ" అందావిడ.

"అందరూ మీలాగే స్వార్థం చూసుకుంటే ఎలాగమ్మా?" అని ఆయన జ్ఞాపిక వెనక్కి తీసుకున్నారు.

అదృష్టవశాత్తూ సంస్థకు లోటు రాలేదు. ఇస్త్రీ మేస్త్రీకి ఊపిరితిత్తుల్లో చీము పట్టి, ఆస్పత్రిలో పరీక్ష చేస్తే పాత రికార్డు బద్దలైంది. అభినందన సంఘం పూలగుత్తితో వెళ్లింది. లోపలికి రానివ్వకపోతే, అద్దం బయటనుంచే ఉపన్యాసం సాగింది. మేస్త్రీ కళ్లు తెరవలేదు.

"అంత నంబరు రావడానికి ఆయనేం తింటున్నాడమ్మా?" అని నర్సును అడిగారు.

"నాలుగు రోజులుగా ఏమీ తినట్లేదు" అందామె.

మర్నాటినుంచి కర్మాగారంలో అంతా మధ్యాహ్న భోజనం మానేశారు. క్యాంటీనులో కాజాల ఆవిడ ఒక్కతే కూర్చుని తింటుంటే, ఆరోగ్యమంటే బొత్తిగా శ్రద్ధ లేని మనిషని గుమ్మంలోనుంచి జాలిపడ్డారు.