మా బావిలో బ్లెన్నీ చేపల జనాభా

భూమ్మీద మూడు వంతులు సముద్రం, మిగిలిన ఒక వంతు సర్కారు. ఈ పంపకం మీద సముద్రానికి ఇన్నాళ్ళూ పేచీ లేదు. పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో మాత్రం సర్కారువారు ఆ మూడు వంతుల లెక్క కూడా చూడదలచి, తీరమత్స్య గణన శాఖ అని ఒకటి పెట్టి, దాని కచేరీని విరుదునగరంలో ఒక పాత పత్తి గోదాములో తెరిచారు. (విరుదునగరంలో సముద్రం లేదు. సముద్రం పక్కన కూర్చుంటే చేపల మీద పక్షపాతం కలుగుతుందని పెద్దల అభిప్రాయం.)

మొదటి ఏట లెక్కకు వచ్చినది బ్లెన్నీ అనే చేప. వేలెడంత ఉంటుంది. పొలుసులు ఉండవు. కళ్ళు నెత్తిమీద ఉంటాయి. సముద్రపు ఒడ్డున రాతి బొరియల్లో కాపురం. ఇందులో వందల జాతులున్నాయట. అవి ఏ ఏ ఊళ్ళలో ఉన్నాయో తేల్చడానికి మద్రాసులో ఒక దొర పటం మీద కంపాసు పెట్టి, సముద్రానికి యాభై మైళ్ళ లోపలి ప్రతి ఊరూ తీరమే అని నిర్ణయించారు. ఆ విధంగా కోవిల్‌పట్టి తాలూకాలో, కడంబూరుకు మూడు మైళ్ళ దూరాన, నల్లరేగడిలో జొన్నా పత్తీ తప్ప మరొకటి ఎరుగని మా ఊరు ఒక మంగళవారం నాడు సముద్రతీరం అయింది.

మాకు అభ్యంతరం ఉండేది కాదు. కాని ఆ ఏడే మా మంచినీళ్ళ బావి అడుగుదాకా ఎండింది. ఆడవాళ్ళు కడంబూరు స్టేషనుదాకా నడిచి, రైలింజనుకు పట్టగా మిగిలిన నీళ్ళు తెచ్చుకునేవారు. సుబ్బమ్మాళ్ కోడలు బొమ్మక్కకు అప్పుడు ఏడో నెల. ఆమె కూడా నడిచేది. బావిని ఇంకో రెండు నిలువుల లోతు తవ్వించమని సుబ్బమ్మాళ్ అర్జీ పెట్టింది. జవాబు త్వరగానే వచ్చింది: "నీటికి సంబంధించిన అర్జీ ఏదయినను, ఆ గ్రామపు బ్లెన్నీ పట్టిక అందిన పిమ్మటనే పరిశీలించబడును."

పట్టిక పట్టుకుని కరణం రంగసామి సుబ్బమ్మాళ్ తిన్నె మీదికి వచ్చాడు.

"మీను ఎన్ని ఉండాయని రాయాల పిళ్ళా?"

"లేదని రాయి మామా."

"లేదని రాసే గడే లేదే! 'లేదు అని తెలిపిన గ్రామము వెతకలేదని భావించబడును' అని కింద అచ్చేసిరి. ఇంగొక ఫారం వస్తుంది, ఇంగొక ఏడు పోతుంది."

"కళుగుమలైవాండ్లు ఏం రాసిరి?"

"నలభై."

"వాండ్లకే నలభైయా? మనకు నలభైయొకటి రాసెయ్యి."

దీన్ని ఎవరూ అబద్ధం అనుకోకూడదు. పక్క ఊరి పట్టిక చూసి మన పట్టిక నింపడం మా వైపు కరణాలకు తాతలనాటి పద్ధతి. (మా ఊళ్ళో పనసచెట్లు ఇరవై ఏళ్ళుగా ఏటేటా మూడు పెరుగుతున్నాయి. పనసచెట్టును ఇంతవరకు ఎవరూ చూడలేదు.) నమూనా జతచేయాలని ఉంటే, సుబ్బమ్మాళ్ కోవిల్‌పట్టి సంతలో తూత్తుకుడి మనిషి దగ్గర ఒక కరువాడు కొని తెచ్చింది. ఆ ఎండుచేపను రంగసామి దారంతో ఫారానికి కుట్టాడు.

నెల తిరక్కముందే విరుదునగరం నుంచి సహాయ గణనాధికారి గోవిందరాజ్ గొడుగు, భూతద్దం, ఒక చిన్న పుస్తకం పట్టుకుని తనిఖీకి వచ్చారు. మనవాళ్ళే, తెలుగు మాట్లాడేవారు. నమూనా చాలా చక్కగా భద్రపరిచారని మెచ్చుకుని, బావిలోకి తొంగిచూశారు. పట్టిక తప్పని తేలితే బావీ పోతుంది, రంగసామి కరణీకమూ పోతుంది.

"చుక్క నీళ్ళు లేవే," అన్నారు గోవిందరాజ్.

"లేవు సామీ," అన్నది సుబ్బమ్మాళ్.

ఆయన పుస్తకం తిప్పి తృప్తిగా తల ఊపారు. "సరిగానే ఉండాది. ఇది నీళ్ళు వదిలి రాళ్ళమీద కూడా ఉండగలదు. మనిషి అలికిడయితే తోక ముందు పెట్టి బొరియలో దూరుతుంది. ఇప్పుడు మనం ఎవరం?"

"మనుషులమే సామీ."

"అందుకే కనపడలేదు. రంగు కూడా రాతిని బట్టి మారుతుంది. లోపల రాయి ఏ రంగు?"

"నలుపు."

"నల్లగా ఏమైనా కనిపిస్తుందా?"

"రాయి కనిపిస్తుంది."

"రాసుకోండి కరణంగారూ. నలుపు జాతి."

పుస్తకంలో ఇంకొక గుణం కూడా చదివి వినిపించారు. ఆడది గుడ్లుపెట్టి పోతే, మగది బొరియ వదలకుండా కాపలా కాస్తుంది.

"ఆ మగమీను దొరికితే ఒక తూరి మా కొడుక్కు చూపించాల సామీ," అన్నది సుబ్బమ్మాళ్. "వాడు పెండ్లాం నెత్తిన కడవ కూడా దించడు."

ఇది కూడా స్థానిక సాక్ష్యం కింద నమోదయింది.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఇంత లోతట్టున బ్లెన్నీ నివసించడం మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి ఇదే మొదలు గనుక, ఆ బావిని రక్షిత నివాసంగా ప్రకటించారు. గుడ్లు పెట్టే కాలంలో గడ్డపార వేయరాదు. ఆ కాలం ఏదో ఇంకా తేలలేదు కాబట్టి, తేలేదాకా పన్నెండు నెలలూ ఆ కాలమే.

సుబ్బమ్మాళ్ రైలెక్కి విరుదునగరం పోయింది.

"సామీ, మీను లేవు. మేమే లేనివాటిని ఉండాయని రాస్తిమి. తప్పే. మా బాయి మాకు ఇచ్చేయండి."

గోవిందరాజ్ కుర్చీ వేయించి, మర్యాదగానే చెప్పారు. "మీరు రాసింది పోనీయమ్మా. నేను వచ్చి రుజువు చేసినాను గదా."

"మీరు యాడ చూస్తిరి సామీ?"

"చూడలేదు. ఉంటే కనపడదని పుస్తకంలోనే ఉండాది." ఆయన కొత్త కాగితం తీశారు. "బ్లెన్నీ ఉండే ఊళ్ళలో జనం చేపలు లేవని చెప్పుతారు. మీతో తొమ్మిది ఊళ్ళయింది. ఇది కూడా దాని గుణాల కిందనే రాయాల."

బావి ఎండిందన్న సంగతిని శాఖ విస్మరించలేదు. చేపలు ఇబ్బంది పడకుండా, తూత్తుకుడి నుంచి వారానికి రెండు పీపాల సముద్రపు నీళ్ళు రైల్లో కడంబూరుకూ, అక్కడినుంచి బండిలో మా ఊరికీ వస్తున్నాయి. వాటిని జాగ్రత్తగా బావిలో పోసి, కరణం చేత సంతకం పెట్టించుకుంటారు. బొమ్మక్క నెలలు నిండేదాకా నడిచింది, ఇప్పుడు బిడ్డను చంకనేసుకుని నడుస్తోంది. దారిలో ఆ బండి ఎదురయితే కడవతో పక్కకు దిగి నిలబడాలి. ఊరికి నీళ్ళు తెచ్చే బండికి అడ్డం రావడం నేరం.