మునిగిన పడవను మంత్రిగారు ఒడ్డుకు చేర్చిన వైనం

బ్రిటిష్ సినిమా ఇకమీదట దేశానికి ధైర్యం చెప్పి తీరాలని మంత్రి మార్టిమర్ ప్లంకెట్ గారు పార్లమెంటులో ప్రకటించారు. రెండో ప్రపంచ యుద్ధం గెలిచి ఆరేళ్లయినా మాంసం ఇంకా రేషన్ కార్డు మీదే దొరుకుతోంది. ధైర్యం అవసరమేనని ప్రతిపక్షం కూడా ఒప్పుకుంది.

మొదటి సినిమాకు లెనార్డ్ బ్రాక్స్‌బీ నవలను ఎంచుకున్నారు. అతను గ్రిమ్స్‌బీ రేవులోని ఒక జాలరి కొడుకు. ఆవిరి పడవ యజమాని చెడిన బాయిలర్ బాగుచేయించకుండానే నడిసముద్రానికి తోలితే తండ్రి అందులోనే మునిగిపోయాడు. ఆ కథే రాశాడు. విమర్శకులు మెచ్చుకున్నారు, జనం కొనలేదు. సినిమా అయితే ఊరూరా చూస్తారు, ఆ యజమాని తల దించుకుంటాడు అని తల్లి ఎడిత్‌కు మాటిచ్చి మరీ స్క్రిప్టు రాయడానికి లండన్ స్టూడియోలో చేరాడు.

అంత పనిలోనూ మంత్రిగారు స్క్రిప్టు స్వయంగా చదివారు. యజమానిని తప్పుపడితే పరిశ్రమ నొచ్చుకుంటుందన్నారు. లెనార్డ్ తప్పును బాయిలర్ మీదికి నెట్టాడు. ఆ బాయిలర్ బ్రిటన్‌లోనే తయారైందని వాణిజ్య శాఖ గుర్తుచేసింది. తప్పు తుఫాను మీదికి వెళ్లింది. మరి ముందే ఎందుకు చెప్పలేదని తమను అడుగుతారని వాతావరణ శాఖ వాపోయింది. తుఫానూ పోయింది.

"తప్పు ఎవరిదీ కానప్పుడు పడవ ఎందుకు మునగాలయ్యా?" అన్నారు మంత్రిగారు.

"మునక్కపోతే ఇంక కథేముంటుందండీ?"

"ధైర్యం ఉంటుంది."

లెనార్డ్ రాజీనామా చేద్దామనుకున్నాడు. ఈలోగా అతని పేరు 'సర్' బిరుదుకు పరిశీలనలో ఉందన్న కబురు చెవిన పడింది. కనీసం సముద్రమైనా మిగిలింది కదా అని సరిపెట్టుకున్నాడు. సినిమాలో జాలర్లందరూ బతికి బట్టకట్టారు. 'ఇది నిజంగా జరిగిన కథ' అన్న మాటను మంత్రిగారే దగ్గరుండి, ప్రభుత్వ ముద్రతో సహా, మొదట్లో వేయించారు.

మొదటి ఆటకు ఎడిత్ ఉన్నంతలో మంచి కోటు వేసుకుని వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. ఆఖరున తెర మీద తండ్రి రేవులో దిగి, టోపీ ఊపుకుంటూ వీధిలోకి నడిచి వెళ్లాడు. హాలంతా కళ్లు తుడుచుకుంది. మంత్రిగారు కళ్లజోడు కూడా తుడుచుకున్నారు.

దీపాలు వెలగగానే పింఛన్ల శాఖ అధికారి క్రాడక్ వచ్చి ఎడిత్ ముందు వినయంగా వంగాడు. "శుభవార్తేనమ్మా. ప్రభుత్వ ముద్ర ఉన్న కథ ప్రకారం మీవారు క్షేమంగా తిరిగొచ్చారు. మరి వితంతు పింఛను మేం ఎలా ఇవ్వగలం, మీరే చెప్పండి."

లెనార్డ్ నోరు తెరిచాడు. అవతల మంత్రిగారు అతన్ని చూసి చిరునవ్వు నవ్వారు. తెరిచిన నోటితో ఆయనకు కృతజ్ఞతలు చెప్పాడు.

ఎడిత్ తాపీగా చేతి తొడుగులు తొడుక్కుంది. "అలాగే నాయనా. ఆయన ఎవరింటికి వెళ్లాడో అదొక్కటీ కనుక్కుని చెప్పు. మా ఇంటికైతే రాలేదు."

క్రాడక్ మంత్రిగారి వంక చూశాడు. మంత్రిగారు కాసేపు ఆలోచించి, "అది రెండో సినిమాలో చూపిద్దామయ్యా," అన్నారు లెనార్డ్‌తో.

అంతలో వాద్యబృందం, ఆట ముగిశాక ఆనవాయితీగా వాయించే రాజుగారి గీతం అందుకుంది. లెనార్డ్ అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు.